రాష్ట్రపతి పదవిని ఉన్నత పాఠశాల విద్యార్థులకు బోధించడం ఎలా?

పాఠం మొదలుపెట్టే ముందు మీ తరగతిలో ఒక ప్రశ్న అడిగి చూడండి: "తెలంగాణ రాష్ట్రపతి ఎవరు?" చాలామంది తడుముకోకుండా ఏదో ఒక పేరు చెప్పేస్తారు. కొందరు ముఖ్యమంత్రి పేరు, కొందరు గవర్నరు పేరు చెబుతారు. అలాంటి పదవే లేదని చెప్పే విద్యార్థి అరుదుగా దొరుకుతాడు. తప్పు పిల్లలది కాదు. హిందీలో, సంస్కృతంలో రాష్ట్రం అంటే దేశం. మన తెలుగులో రాష్ట్రం అంటే తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ వంటివి. ఆ భాషల నుండి వచ్చిన పేరును మనం అలాగే వాడుకుంటున్నాము కనుక, రాష్ట్రపతి అంటే రాష్ట్రానికి పెద్ద అని పిల్లలు అనుకోవడం సహజమే. అందువల్ల నల్లబల్ల మీద మొదట రెండు మాటలు రాయండి: రాష్ట్రానికి గవర్నరు, దేశానికి రాష్ట్రపతి. ఈ రెండు మాటలు స్థిరపడిన తరువాతనే పుస్తకం తెరవాలి.

నేను నల్లగొండ జిల్లాలో, దేవరకొండ ప్రాంతంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో సాంఘిక శాస్త్రం బోధిస్తున్నాను. మొదట్లో ఈ పాఠాన్ని అర్హతలు, అధికారాలు, అధికరణల సంఖ్యలు కంఠస్థం చేయించి ముగించేవాడిని. ఒక సంవత్సరం, తండా నుండి వచ్చే తొమ్మిదో తరగతి అమ్మాయి లేచి, "ఆమె సొంతంగ ఏం చెయ్యరాదంటే మూడువందల నలభై గదుల ఇల్లు ఎందుకు సార్?" అని అడిగింది. అప్పటికి కొద్ది నిమిషాల ముందే, మొదటి గిరిజన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 2022 జులై 25న ప్రమాణం చేశారని చెప్పి ఉన్నాను. ఆ పిల్ల ముఖంలో కనిపించిన సంతోషం ఆ ప్రశ్నతో సగమైపోయింది. నా దగ్గర సరైన జవాబు లేదు. ఆనాటి నుండి ఈ పాఠాన్ని చెప్పడం మాని, పిల్లలచేత చేయిస్తున్నాను. అందుకు నాలుగైదు పీరియడ్లు పడుతుంది. కాలం వృథా కాదు.

ముందుగా నేను చేసిన ఒక పొరపాటు మీరు చేయకుండా ఉండాలని చెబుతున్నాను. రాష్ట్రపతిని గ్రామ సర్పంచితో పోల్చకండి. సర్పంచిని ఊరివాళ్ళు నేరుగా ఎన్నుకుంటారు, పనులు చేయించేదీ సర్పంచే. రాష్ట్రపతి విషయంలో ఈ రెండూ నిజం కావు. ఆ పోలికతో మొదలుపెట్టిన ఏడాది, పరీక్షలో సగం మంది రాష్ట్రపతిని ప్రజలు ప్రత్యక్షంగా ఎన్నుకుంటారని రాశారు.

ఓటు విలువ లెక్క

పాఠాన్ని ఎన్నికతోనే ఆరంభించండి. కావలసిన సామగ్రి చాలా తక్కువ: కొన్ని ఆకుపచ్చ కాగితాలు, కొన్ని గులాబి రంగు కాగితాలు, ఒక అట్టపెట్టె, ఊదా సిరా కలం ఒకటి, గుప్పెడు చింతగింజలు. నిజమైన ఎన్నికలో పార్లమెంటు సభ్యులకు ఆకుపచ్చ బ్యాలెట్, శాసనసభ్యులకు గులాబి బ్యాలెట్ ఇస్తారు. ఊదా సిరా గల ప్రత్యేక కలాన్ని ఎన్నికల సంఘమే సమకూరుస్తుంది, సొంత కలంతో గుర్తు పెట్టరాదు.

రాష్ట్రపతిని ఎన్నుకునేది లోక్‌సభ, రాజ్యసభలలో ఎన్నికైన సభ్యులు, రాష్ట్రాల శాసనసభలతో పాటు ఢిల్లీ, పుదుచ్చేరి శాసనసభలలో ఎన్నికైన సభ్యులు. నామినేట్ అయిన సభ్యులకు ఓటు లేదు, శాసనమండలి సభ్యులకూ లేదు. ఈ మాట చెప్పగానే, మన నియోజకవర్గపు శాసనసభ్యుని ఓటుకు ఎంత విలువ ఉందో పిల్లలచేతనే లెక్క కట్టించండి. సూత్రం సులభమైనదే: 1971 జనాభా లెక్కల ప్రకారం రాష్ట్ర జనాభాను ఎన్నికైన శాసనసభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చిన దాన్ని మళ్ళీ వెయ్యితో భాగించాలి. తెలంగాణ ప్రాంతపు 1971 జనాభా 1,57,02,122. దీన్ని 119తో భాగిస్తే సుమారు 1,31,950 వస్తుంది. వెయ్యితో భాగిస్తే 131.95. సగానికి పైబడిన శేషాన్ని ఒకటిగా తీసుకుంటారు కనుక విలువ 132. అదే పద్ధతిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ్యుని ఓటు విలువ 159, ఉత్తరప్రదేశ్‌లో 208, సిక్కింలో 7.

ఇంత పాత జనాభా లెక్క ఎందుకని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. కుటుంబ నియంత్రణను శ్రద్ధగా పాటించిన రాష్ట్రాలు అందువల్ల నష్టపోకూడదన్న ఉద్దేశంతో 1971 సంఖ్యను స్థిరంగా ఉంచారు. 2026 తరువాత జరిగే మొదటి జనగణన వరకు దాన్నే కొనసాగించాలని 84వ రాజ్యాంగ సవరణ చెప్పింది. దక్షిణాది పిల్లలకు ఇది తమ సొంత వ్యవహారమని అర్థమయ్యేలా కాస్త నిలిచి చెప్పండి.

ఇప్పుడు తరగతిని విభజించండి. నలభై మంది ఉన్నారనుకుందాం. ఎనిమిది మందిని పార్లమెంటు సభ్యులుగా, మిగిలిన వారిలో పన్నెండు మందిని ఉత్తరప్రదేశ్, పద్నాలుగు మందిని తెలంగాణ, ఆరుగురిని సిక్కిం శాసనసభ్యులుగా కూర్చోబెట్టాలి. ఉత్తరప్రదేశ్ మొత్తం 2,496, తెలంగాణ 1,848, సిక్కిం 42. అన్నీ కలిపితే 4,386. దీన్ని ఎనిమిది మంది పార్లమెంటు సభ్యులకు పంచితే ఒక్కొక్కరి విలువ 548, వారందరిదీ కలిపి 4,384. రాష్ట్రాల బలమూ కేంద్రపు బలమూ దాదాపు సమానంగా తూగడం పిల్లలు తమ కళ్ళతో చూస్తారు. రాజ్యాంగ నిర్మాతలు కోరుకున్నది ఈ సమతూకమే. 2022 ఎన్నికలో పార్లమెంటు సభ్యుని ఓటు విలువ 700. అంతకు ముందు 2017లో అది 708. జమ్మూ కశ్మీర్‌లో 2022 నాటికి శాసనసభ లేనందువల్ల ఆ తగ్గుదల వచ్చింది.

సిక్కిం చిట్టీ అందుకున్న పిల్లలు మొదట చిన్నబుచ్చుకుంటారు. వారిని అలాగే వదిలేయకుండా, ఒక్కొక్క శాసనసభ్యుని వెనుక ఎంతమంది జనం ఉన్నారో నల్లబల్ల మీద రాసి చూపించండి. సిక్కిం సభ్యుని వెనుక సుమారు ఏడువేల మంది, తెలంగాణ సభ్యుని వెనుక లక్షా ముప్పై రెండు వేల మంది. ఓటు విలువ సభ్యునిది కాదని, అతని వెనుక నిలబడిన జనానిదని అప్పుడు తెలుస్తుంది.

నామినేషన్, పోలింగ్

ఈ భాగాన్ని త్వరగా ముగించవచ్చు. అభ్యర్థికి 35 సంవత్సరాలు నిండి ఉండాలి, లోక్‌సభకు పోటీ చేసే అర్హత ఉండాలి, లాభదాయక పదవిలో, అంటే జీతమో లాభమో తెచ్చే ప్రభుత్వ పదవిలో, ఉండరాదు. నామినేషన్‌ను 50 మంది ఓటర్లు ప్రతిపాదించాలి, మరో 50 మంది బలపరచాలి. ధరావతు 15,000 రూపాయలు. తరగతిలో ఇద్దరు ప్రతిపాదకులు, ఇద్దరు బలపరిచేవారు చాలు. ముగ్గురు అభ్యర్థులు ఉండేలా చూసుకోండి, ఇద్దరే అయితే తరువాతి లెక్కింపు పాఠం వ్యర్థమవుతుంది.

ఓటు వేసేటప్పుడు టిక్కు పెట్టకూడదని, అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్యతలు అంకెల్లో రాయాలని గట్టిగా చెప్పాలి. ఒకటో ప్రాధాన్యత లేని చిట్టీ చెల్లదు. ఈ ఎన్నికలో పార్టీలు విప్, అంటే ఫలానా వారికే ఓటు వేయాలన్న ఆదేశం, జారీ చేయరాదన్న విషయం కూడా ఇక్కడే చెప్పండి.

చింతగింజలతో 1969

లెక్కింపును వివరించడానికి 1969 ఎన్నికను మించిన ఉదాహరణ లేదు. అందులోనూ పోటీపడిన ఇద్దరు ముఖ్యులూ తెలుగువారే. హైదరాబాద్‌లో పుట్టిన రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ 1969 మే 3న పదవిలో ఉండగానే కన్నుమూశారు. కాంగ్రెస్ పార్టీ అధికారిక అభ్యర్థిగా అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి నిలబడ్డారు. బరంపురంలోని తెలుగు కుటుంబంలో పుట్టిన వి.వి. గిరి స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేశారు. అంతరాత్మ చెప్పినట్లు ఓటు వేయండని ప్రధానమంత్రి ఇందిరాగాంధీ పిలుపునివ్వడంతో సొంత పార్టీ అభ్యర్థికే ఎదురుగాలి వీచింది. మూడో ముఖ్య అభ్యర్థి సి.డి. దేశ్‌ముఖ్.

ఒక గింజను పదివేల ఓట్ల విలువగా అనుకుని బల్ల మీద కుప్పలు పోయించండి. మొదటి ప్రాధాన్యతలో గిరికి 4,01,515 వచ్చాయి, అంటే 40 గింజలు. సంజీవరెడ్డికి 3,13,548, అంటే 31 గింజలు. దేశ్‌ముఖ్‌కు 1,12,769, అంటే 11 గింజలు. చిన్న అభ్యర్థులందరికీ కలిపి ఒక్క గింజ. గెలవడానికి చెల్లిన ఓట్ల విలువలో సగం కంటే ఎక్కువ, అంటే 4,18,169 కావాలి. గింజల్లో అది 42. గిరి ముందున్నా గెలవలేదు. ఇక్కడ ఒక నిమిషం ఆగి, "ఇప్పుడేం చేయాలి?" అని తరగతిని అడగండి. మళ్ళీ ఎన్నిక పెట్టాలని కొందరు, ఎక్కువ వచ్చినవాడే గెలిచినట్లని కొందరు అంటారు.

అప్పుడు చిన్న కుప్పల నుండి తొలగించడం మొదలుపెట్టాలి. తొలగిపోయిన అభ్యర్థి చిట్టీల మీద రెండో ప్రాధాన్యత ఎవరికి ఉందో చూసి, గింజలను ఆ కుప్పలోకి జరపాలి. తొలగించిన వారి 12 గింజల్లో తొమ్మిది సంజీవరెడ్డికి, రెండే గిరికి వెళతాయి, తరువాతి ప్రాధాన్యత రాయని చిట్టీల గింజ ఒకటి బల్ల మీదనే మిగిలిపోతుంది. చివరికి గిరికి 4,20,077, సంజీవరెడ్డికి 4,05,427. తొమ్మిది గింజలు తెచ్చుకున్నవాడు ఓడిపోవడం, రెండే గింజలు అందుకున్నవాడు గెలవడం చూసి పిల్లలు మొదట గోల చేస్తారు. ఆ తరువాత, గిరికి అవసరమైనవి రెండు గింజలే కదా అని వారిలోనే ఎవరో ఒకరు సర్దిచెబుతారు. ఆ మాట మీరు చెప్పకూడదు, పిల్లల నోట రావాలి.

తరువాత మీ అట్టపెట్టె తెరచి మీ ఎన్నికను ఇదే పద్ధతిలో లెక్కించండి. పైన చెప్పిన నలభై మంది తరగతిలో మొత్తం విలువ 8,770, గెలుపునకు 4,386 కావాలి. సంజీవరెడ్డి కథను మాత్రం ఓటమితో ఆపకండి. 1977లో 37 నామినేషన్లు దాఖలు కాగా 36 తిరస్కరణకు గురై, ఆయన ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు. ఆయన జులై 25న ప్రమాణం చేశారు, అప్పటినుండి కొత్త రాష్ట్రపతులు ఆ తేదీనే బాధ్యతలు స్వీకరిస్తున్నారు.

దస్త్రం ఆట

గెలిచిన విద్యార్థిచేత, ప్రధాన న్యాయమూర్తి పాత్రధారి ఎదుట ప్రమాణం చేయించి, తరగతి గదిలో ఒక పక్కన బల్ల వేసి కూర్చోబెట్టండి. ఐదుగురు మంత్రిమండలి, మిగతావారు పార్లమెంటు. పార్లమెంటు ఒక బిల్లు ఆమోదించి పంపాలి. నేను ప్రతి ఏడాది ఒకే బిల్లు ఇస్తాను: ఆటల పీరియడు రద్దు చేసి గణితం పీరియడు పెట్టాలి. రాష్ట్రపతి పాత్రధారికి ఆ బిల్లు నచ్చదు. నచ్చకపోవడమే మనకు కావలసింది. చింపేయవచ్చా అని అడుగుతారు. కూడదు. సొంతంగా మార్చి సంతకం పెట్టవచ్చా? కూడదు. పన్నులు, ప్రభుత్వ ఖర్చులకు సంబంధించిన ద్రవ్య బిల్లు కాకపోతే, తన అభ్యంతరం రాసి ఒకసారి వెనక్కి పంపవచ్చు. మార్పులతో గాని, మార్పులు లేకుండా గాని పార్లమెంటు మళ్ళీ ఆమోదిస్తే సంతకం పెట్టవలసిందే. రాజ్యాంగ సవరణ బిల్లయితే వెనక్కి పంపే వీలు కూడా లేదు.

ఒక ఏడాది రాష్ట్రపతిగా కూర్చున్న అబ్బాయి చాలాసేపు ఆలోచించి, "వారానికి ఒక్కటన్న ఆటల పీరియడు ఉంచరాదా?" అని ఒకే ఒక్క వాక్యం రాసి దస్త్రం తిప్పి పంపాడు. పార్లమెంటు అరగంట వాదులాడి ఒక పీరియడు ఉంచింది. మరో ఏడాది పార్లమెంటు మొండిగా అదే బిల్లు మళ్ళీ పంపింది. రాష్ట్రపతి అమ్మాయి మూతి ముడుచుకుని సంతకం చేసింది. ఈ రెండూ సరైన ముగింపులే. ఆ ఒక్క ప్రశ్న వేసే హక్కులోనే ఈ పదవి బలముందని నేను నమ్ముతాను, తరగతికి అదే చెబుతాను.

ఆట అయిపోయాక అసలు చరిత్ర చెబితే పిల్లలు చెవులు రిక్కించి వింటారు. లాభదాయక పదవుల బిల్లును 2006 మేలో అబ్దుల్ కలాం వెనక్కి పంపారు. పార్లమెంటు మార్పు లేకుండా మళ్ళీ ఆమోదించగా ఆగస్టులో సంతకం చేశారు. ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన విధించాలన్న మంత్రిమండలి సలహాను 1997 అక్టోబరులో కె.ఆర్. నారాయణన్ పునరాలోచనకు పంపగా, ప్రభుత్వం ఆ ఆలోచనను విరమించుకుంది. 1986 నాటి తపాలా సవరణ బిల్లుపై జ్ఞానీ జైల్‌సింగ్ సంతకమూ చేయలేదు, వెనక్కీ పంపలేదు. ఇంత గడువులోగా నిర్ణయించాలని రాజ్యాంగంలో లేదు గనుక అది అలాగే ఆగిపోయింది.

ప్రశ్న వేయని రాత్రి గురించి కూడా చెప్పాలి. 1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి ప్రకటనపై ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ సంతకం చేసే సమయానికి మంత్రిమండలి సమావేశమే కాలేదు. మరునాడు ఉదయం మంత్రులకు తెలిపి ఆమోదం తీసుకున్నారు. మరుసటి ఏడాది వచ్చిన 42వ సవరణ, మంత్రిమండలి సలహా ప్రకారమే రాష్ట్రపతి నడుచుకోవాలని స్పష్టంగా రాసింది. 1978 నాటి 44వ సవరణ రెండు పనులు చేసింది: సలహాను ఒకసారి పునరాలోచనకు పంపే హక్కును రాష్ట్రపతికి ఇచ్చింది, మంత్రిమండలి లిఖితపూర్వకంగా చెప్పనిదే అత్యవసర పరిస్థితి ప్రకటించరాదని కట్టడి చేసింది. మీ తరగతి ఆడిన ఆటకు నియమాలు ఎక్కడి నుండి వచ్చాయో దీనితో తెలిసిపోతుంది.

ఎవరికీ మెజారిటీ లేనప్పుడు మాత్రం రాష్ట్రపతి స్వయంగా తూచి నిర్ణయించవలసి వస్తుంది. 1979 జులైలో మొరార్జీ దేశాయ్ రాజీనామా చేసినప్పుడు సంజీవరెడ్డి చరణ్‌సింగ్‌ను ఆహ్వానించారు. ఆయన లోక్‌సభ ఎదుట బలం నిరూపించుకోకుండానే రాజీనామా చేయగా సభ రద్దయింది. ఆ నిర్ణయం మీద ఇప్పటికీ వాదోపవాదాలు ఉన్నాయి. పై తరగతుల పిల్లలయితే దానిపై చర్చ పెట్టవచ్చు.

నామమాత్రం అన్న మాట

రాష్ట్రపతి నామమాత్రపు అధిపతి అని మనం చెబుతాం. ఆ మాట తప్పు కాదు గాని, పిల్లలకు అది పనికిరాని పదవి అన్నట్లు వినిపిస్తుంది. నామం ఎక్కడెక్కడ ఉందో చూపించండి. కేంద్ర ప్రభుత్వపు ప్రతి చర్యా రాష్ట్రపతి పేరిటనే జరుగుతుంది. మహబూబ్‌నగర్ రైలుమార్గంలో గుత్తేదారుతో రైల్వేశాఖ కుదుర్చుకునే ఒప్పందం కూడా భారత రాష్ట్రపతి పేరిట రాసుకున్నదే. ప్రధానమంత్రులు మారినా, ప్రభుత్వాలు పడిపోయినా ఆ పేరిట రాసిన కాగితం చెల్లుతూనే ఉంటుంది. అందుకే ఆ పదవి ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండకుండా ఏర్పాటు చేశారు.

మన ప్రాంతానికి ఇంకా దగ్గరి ఉదాహరణ ఒకటి ఉంది. 1950 జనవరి 26 నుండి 1956 అక్టోబరు 31 వరకు హైదరాబాద్ రాష్ట్రానికి రాజప్రముఖ్‌గా, అంటే ఇప్పటి గవర్నరు వంటి పదవిలో, ఉన్నది అంతకు ముందు ఏలిన నిజాం మీర్ ఉస్మాన్ అలీఖానే. 1952 ఎన్నికల తరువాత పాలన నడిపింది మాత్రం మన పాలమూరు బిడ్డ బూర్గుల రామకృష్ణారావు మంత్రిమండలి. ఫర్మానాతో పాలించిన చేయి మంత్రుల సలహా మీద సంతకం పెట్టిన ఆ ఆరేడేళ్ళ గురించి ఇంట్లో ఎనభై దాటిన తాతలు, నాయనమ్మలు ఉంటే అడిగి రాసుకు రమ్మని ఇంటిపని ఇవ్వండి. కొందరు ఖాళీ నోటుబుక్కుతో వస్తారు, ఫరవాలేదు. ఒక్కరు తెచ్చినా చాలు, దాన్ని తరగతిలో బిగ్గరగా చదివించండి.

ఆఖరి పీరియడు తెలంగాణ ఏర్పాటుకు ఉంచండి. మూడో అధికరణ ప్రకారం కొత్త రాష్ట్రపు బిల్లును రాష్ట్రపతి సిఫారసు లేకుండా పార్లమెంటులో పెట్టరాదు, పెట్టే ముందు సంబంధిత శాసనసభ అభిప్రాయం కోసం రాష్ట్రపతే పంపాలి. ప్రణబ్ ముఖర్జీ 2013 డిసెంబరులో ముసాయిదాను హైదరాబాద్‌కు పంపారు. మొదట 2014 జనవరి 23 వరకు గడువు ఇచ్చి, కోరిక మేరకు మరో వారం పొడిగించారు. జనవరి 30న శాసనసభ మూజువాణి ఓటుతో దాన్ని తిరస్కరించింది; ఆ అభిప్రాయానికి కట్టుబడాలన్న నియమం లేదు. ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ ఆమోదించగా మార్చి 1న ప్రణబ్ సంతకం చేశారు. జూన్ 2న రాష్ట్రం అవతరించింది. తెలంగాణ ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రపతి తేల్చింది కాదు. అయినా బిల్లు లోపలికి వెళ్ళేటప్పుడు ఒకసారి, చట్టమై బయటికి వచ్చేటప్పుడు ఒకసారి ఆ గడప తొక్కక తప్పలేదు.

వీలయితే పిల్లలను సికింద్రాబాద్ బొల్లారంలోని రాష్ట్రపతి నిలయానికి తీసుకువెళ్ళండి. రాష్ట్రపతి దక్షిణాదిలో బస చేసే ఈ ఒంటి అంతస్తు భవనాన్ని 1860లో కట్టారు. ఒకప్పుడు బ్రిటిష్ రెసిడెంటు నివాసంగా ఉండేది. 2023 మార్చి నుండి ఏడాది పొడవునా సందర్శకులను అనుమతిస్తున్నారు, రాష్ట్రపతి బస చేసే రోజుల్లో మాత్రం ప్రవేశం ఉండదు. సమయాన్ని ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవచ్చు. బస్సు మాట్లాడుకునే ముందే ఆ పని పూర్తి చేయండి. వంటశాల నుండి భోజనశాలకు వెళ్ళే సొరంగమార్గంలో చేర్యాల శైలి చిత్రాలు ఉన్నాయి, పిల్లలు అక్కడ తప్పక ఆగిపోతారు. బయటికి వచ్చాక చెట్ల నీడలో కూర్చోబెట్టి, ఇంత ఇల్లు ఎందుకని మా తండా అమ్మాయి అడిగిన ప్రశ్నను మళ్ళీ అడగండి. జవాబు మీరు చెప్పవద్దు; దస్త్రం ఆటలో రాష్ట్రపతి బల్ల దగ్గర కూర్చున్న విద్యార్థిచేత మొదట మాట్లాడించండి.